హుమ్మా ఉప్పుతో సముద్రం తయారవుతుందా?

పోయిన నెల మా హాల్లో ఉన్న నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు గురించి ఈ శీర్షికలో రాసినప్పుడు ఇద్దరో ముగ్గురో అడుగుతారేమో అనుకున్నాను. ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఇటు ఇచ్ఛాపురం దాకా మన తెలుగు ఇళ్ల నుంచి సంచినిండా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒకరి ఉత్తరమే వేశాను. నేను బరంపురంలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. 2009 నుంచి ఈ ట్యాంకును చూసుకుంటున్నాను. చాలావరకు నేను చేసి చూసినదే చెబుతాను.

మేడమ్, పదేళ్లుగా గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాను. ఇప్పుడు ఉప్పునీటి ట్యాంకు పెట్టాలని ఉంది. అక్వేరియం ఉప్పు ప్యాకెట్ ధర చూస్తే గుండె ఆగింది. మా పక్కనే హుమ్మాలో ఉప్పు పండుతుంది. అదీ సముద్రపు ఉప్పే కదా, నీళ్లలో కలిపేస్తే సరిపోదా?
(రైల్వే ఉద్యోగి, ఛత్రపురం)

సరిపోదండీ. కానీ మీ ప్రశ్న చాలా మంచిది. భువనేశ్వర్ రైల్లో మీ ఊరు దాటాక కిటికీలోంచి ఆ తెల్లటి ఉప్పు కుప్పలు చూసిన ప్రతిసారీ నాకూ ఇదే ఆలోచన వచ్చేది.

మడిలో సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు అందులో ఉన్నవన్నీ ఒక్కసారే గడ్డకట్టవు. ముందు సున్నపు పదార్థం అడుగుకు దిగుతుంది, ఆ తర్వాత జిప్సం. అవి దిగిపోయాక తర్వాతి మడిలో మనం తినే ఉప్పు గింజ కడుతుంది. గింజలను ఒడ్డుకు లాగేశాక చేదు నీళ్లు మిగులుతాయి. మెగ్నీషియం, పొటాషియం ఎక్కువభాగం అందులోనే ఉండిపోతాయి. ఆ నీటిని వదిలేస్తారు. వంటకు అలా వేరుచేయడమే మంచిది, లేకపోతే ఉప్పు చేదెక్కి చెమ్మ పట్టేస్తుంది. కానీ చేపకు కావలసింది మొత్తం సముద్రం. సముద్రంలో కరిగివున్న లవణాలు 100 గ్రాములు తీసుకుంటే అందులో 85 గ్రాములు సోడియం, క్లోరైడ్. మిగిలిన 15 గ్రాముల్లోనే సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ ఉంటాయి. నత్త గుల్ల కట్టుకోవాలన్నా, రొయ్య కుబుసం విడిచి కొత్త పెంకు గట్టిపరచుకోవాలన్నా ఆ 15 గ్రాములే దిక్కు.

నమ్మకం కుదరక నేను కాలేజీ ల్యాబ్‌లో పరీక్ష చేశాను. ఒక బీకరులో అక్వేరియం ఉప్పు నీళ్లు, ఇంకోదానిలో హుమ్మా ఉప్పు నీళ్లు, రెండింటిలోనూ ఉప్పదనం ఒకటే. కాల్షియం టెస్టులో నీరు గులాబీ రంగు నుంచి నీలంగా మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి, చుక్కకు లీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున. మొదటి బీకరు నీలం కావడానికి 21 చుక్కలు పట్టింది, అంటే 420. సముద్రంలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. హుమ్మా నీళ్లు నాలుగో చుక్కకే నీలమైపోయాయి. ఆ రోజు నుంచి ఆ ఆలోచన వదిలేశాను.

ఖర్చు తగ్గించుకోవాలంటే ఉప్పు దగ్గర కాకుండా ట్యాంకు సైజు దగ్గర తగ్గించుకోండి. లీటరుకు సుమారు 35 గ్రాములు పడుతుంది, 40 లీటర్ల టబ్బుకు ఒకటిన్నర కిలో లోపే. పొడిలో నీళ్లు పోయకండి, నీళ్లలో పొడి కొంచెం కొంచెంగా వేస్తూ చిన్న పంపుతో ఒక రాత్రంతా తిప్పండి. తెల్లారాక ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025 చూపిస్తేనే వాడండి. చేపలున్న ట్యాంకులో నేరుగా ఉప్పు ఎప్పుడూ వేయొద్దు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. బోరు నీళ్లు పనికిరావు. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లయినా కరిగివున్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, సున్నాకు దగ్గరగా ఉండాలి. ఈ మధ్య చాలా ఇళ్లలో కాపర్ కలిపే ప్యూరిఫయర్లు వచ్చాయి. ఆ నీళ్లు మాత్రం అసలు పోయకండి. మనకు ఆరోగ్యమని కలిపే ఆ కొంచెం రాగే రొయ్యలకూ నత్తలకూ విషం.

అక్కా, గోపాల్‌పూర్ మనకు పదహారు కిలోమీటర్లే కదా. ఉప్పు కలిపే బదులు సముద్రం నీళ్లూ, అక్కడి ఇసుకా డబ్బాల్లో తెచ్చుకుంటే పోలా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, బరంపురం)

నేనూ తెచ్చాను తమ్ముడూ, స్కూటరు మీద. ఏప్రిల్‌లో తెచ్చిన నీరు కొలిస్తే 1.023 వచ్చింది, పర్వాలేదనుకున్నాను. అదేచోట అక్టోబరులో ముంచిన నీరు 1.017 చూపించింది. మీటరు పాడైందేమోనని మూడుసార్లు కొలిచాను. మీటరు బాగానే ఉంది. వానాకాలంలో రుషికుల్య, మహానది, ఇంకా పైనుంచి గంగ నీళ్లు వచ్చి బంగాళాఖాతం పై పొరను పలచన చేస్తాయి. దానికి తోడు ఒండ్రు. మన ఒడ్డున పగడాల దిబ్బలు లేకపోవడానికి కారణాలు ఇవే. పగడానికి నిలకడైన ఉప్పదనం కావాలి, వెలుతురు దిగే తేటనీరు కావాలి. మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖ, పాక్ బే, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్నాయి.

గోపాల్‌పూర్‌లో మన తెలుగు మాట్లాడే వేటవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల బోటు మీద లోపలికి పోయి తెప్పించుకుంటే నీరు కొంత మెరుగే. అయినా వడకట్టాలి, చీకట్లో రెండు వారాలు నిలవ ఉంచాలి, ప్రతి డబ్బా కొలవాలి. అంత చేసే ఓపిక ఉంటే ఉప్పు కలుపుకోవడమే సుఖం.

ఇసుక మాత్రం వద్దే వద్దు. మన తీరం ఇసుక మామూలు ఇసుక కాదు. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ ఖనిజాల సంస్థ ఐఆర్ఈఎల్ ఈ ఇసుక నుంచే ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ వేరుచేస్తుంది. నాకు ఆ సంగతి తెలిసి కూడా, కడిగితే చాలనుకుని గుప్పెడు తెచ్చి వేశాను. అద్దం తుడవడానికి అయస్కాంతం ఉంటుంది చూడు, లోపలొకటి బయటొకటి. మరుసటి వారం దానితో తుడుస్తుంటే గరగరమని శబ్దం వచ్చింది. తీసి చూస్తే లోపలి ముక్కకు నల్లటి రేణువులు మీసంలా అంటుకుని ఉన్నాయి. ఇల్మెనైట్‌ను గట్టి అయస్కాంతం లాగుతుంది. ముందరి అద్దం మీద జానెడు గీత పడింది, ఇప్పటికీ పోలేదు. సున్నపురాయి జాతిది, అరగొనైట్ ఇసుక అని దొరుకుతుంది, అది కొనుక్కో.

మేడమ్, ట్యాంకు పెట్టి వారం అయింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఉప్పు సరిగ్గా 1.025. నాలుగు చేపలు వేస్తే మూడు రోజుల్లో మూడు పోయాయి. మిగిలినది పైకొచ్చి ఆయాసపడుతోంది. పిల్లలు ఏడుస్తున్నారు. చేపలే నాసిరకమా?
(టీచరు, రాయగడ)

మీ ఉత్తరం చదివి బాధేసింది. చేపల తప్పు కాదండీ, మీ తప్పూ కాదు. మీకు ట్యాంకు అమ్మినవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాల్సింది. నీరు తేటగా ఉండటం వేరు, బతకడానికి వీలుగా ఉండటం వేరు.

చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. దానికి రంగు ఉండదు. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొంతవరకు పర్వాలేదు. ఈ బాక్టీరియా రాళ్ల రంధ్రాల్లో, ఇసుకలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ ట్యాంకుకు వారమే అయింది. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. అంత పీహెచ్‌లో అమ్మోనియా ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. గోల్డ్‌ఫిష్ తొట్టెలో చెల్లిన పొరపాటు ఇక్కడ చెల్లదు.

ముందు ఆ మిగిలిన చేపను కాపాడండి. రోజూ పావువంతు నీరు మార్చండి, అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న నీటితో. మేత రోజు విడిచి రోజు, చిటికెడు మాత్రమే. గాలి పంపు ఆపొద్దు. కొత్త చేప తేవద్దు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఇలా చేయండి. రాళ్లు, ఇసుక, నీరు, పంపు అన్నీ సిద్ధమయ్యాక చేప బదులు ఒక పచ్చిరొయ్యను గుడ్డలో కట్టి ట్యాంకులో వేలాడదీయండి. అది కుళ్లుతూ అమ్మోనియా ఇస్తుంది. రెండు రోజులకోసారి టెస్టు చేయండి. నేను వాడే కిట్టులో అమ్మోనియా ఉంటే పసుపు నీరు ఆకుపచ్చగా మారుతుంది, నైట్రైట్ ఉంటే ఆకాశనీలం వంగపండు రంగుకు తిరుగుతుంది. మొదట ఆకుపచ్చ ముదురుతుంది, తర్వాత అది తగ్గుతూ వంగపండు రంగు పెరుగుతుంది, ఆఖరికి అదీ పోతుంది. నోటుబుక్కులో తేదీలవారీగా రాసుకోండి. రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలిస్తే, మూడోవంతు నీరు మార్చి మొదటి చేపను తెచ్చుకోండి. ఈలోగా ఇసుక మీదా అద్దం మీదా గోధుమరంగు దుమ్ములాంటిది పరుచుకుంటుంది. అది డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు పొర, కొత్త ట్యాంకులన్నిటికీ వస్తుంది, దానంతటదే పోతుంది. టెన్షన్ పడొద్దు.

ఆ తర్వాత కూడా ఒకేసారి నాలుగు వద్దు. ఒకటో రెండో వేసి, రెండు మూడు వారాలు ఆగి, మళ్లీ ఒకటి.

మా పాపకు ఆ నీలం రంగు చేపే కావాలట. మాది రెండడుగుల ట్యాంకు. వేయొచ్చా అండీ?
(గృహిణి, ఇచ్ఛాపురం)

వద్దమ్మా. పాప అడుగుతున్నది బ్లూ టాంగ్ అనుకుంటాను. షాపులో వేలెడంత ఉంటుంది, పెరిగితే అడుగు దాకా వస్తుంది. పగలంతా ఈదుతూనే ఉండే జాతి, ఆరడుగుల ట్యాంకయినా ఉండాలి. మీ రెండడుగుల ట్యాంకులో పట్టేది 55 లీటర్లు. అందులో క్లౌన్ ఫిష్ జంట, ఒక చిన్న గోబీ, నాలుగు నత్తలు, ఒక రొయ్య హాయిగా ఉంటాయి. మాండరిన్ చేప కూడా కొనకండి. అది రాళ్ల మీద పాకే కంటికి ఆనని జీవాలను తప్ప వేరే తినడం అరుదు, చిన్న ట్యాంకులో ఆకలికి చచ్చిపోతుంది. చవకని నీలి డామ్సెల్‌లు వేస్తే అవి తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరుముతాయి.

అక్కగారూ, మా బావమరిది రామేశ్వరం వెళ్తున్నాడు. అక్కడ పగడం ముక్కలు దొరుకుతాయట. తెప్పించి ట్యాంకులో పెడితే పెరుగుతుందా?
(బ్యాంకు ఉద్యోగి, పర్లాకిమిడి)

తెప్పించకండి. చట్టం ఒప్పుకోదు, నేను కూడా ఒప్పుకోను. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ అందులోనే. సముద్రపు విసనకర్రలు, నల్ల పగడాలు, సీహార్సులు, సముద్ర దోసకాయలు కూడా రక్షిత జాతులే. బతికున్న ముక్కయినా, ఒడ్డున దొరికిన ఎండు ముక్కయినా చేతిలో ఉంటే చిక్కే. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడాల దిబ్బలను తవ్వి పట్టుకుపోయారు. మిగిలినవి 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి తెల్లబోయాయి. పగడం ఒంట్లో ఉండి దానికి అన్నంపెట్టే నాచు, వేడికి విడిపోవడం వల్ల వచ్చే పాలిపోవడం అది. అంత కష్టపడి బతుకుతున్నదాన్ని మన హాల్లోకి తేవడానికి నాకు మనసు రాదు.

మా ట్యాంకులో రాతి పగడం లేదు. తయారుచేసిన రాళ్లు పేర్చాను. ఏడాది తిరిగేసరికి వాటి మీద ఊదారంగు సున్నపు నాచు పొర పట్టింది. చూడటానికి వచ్చినవాళ్లు పగడమా అని దాన్నే అడుగుతారు. మెత్తటి పగడాలు, జోయాంథిడ్‌ల వంటివి కొందరు పెంచుతారు. అవి కొనాలన్నా బిల్లు, ఎక్కడ పెంచారో కాగితం లేకుండా కొనకండి, సందేహముంటే అటవీశాఖవాళ్లను అడగండి. జోయాంథిడ్‌ను ఒట్టి చేత్తో తాకొద్దు, కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది.

చేపలు కూడా హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి. క్లౌన్ ఫిష్‌లను, డామ్సెల్‌లను ట్యాంకుల్లో గుడ్లు పెట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు. షాపులో మీ కళ్ల ముందే మేత గింజ వేయమనండి. హేచరీ పిల్ల పరుగెత్తుకొచ్చి తింటుంది. కొన్ని దేశాల్లో సయనైడ్ చల్లి మత్తెక్కించి పట్టే చేపలు షాపులో బాగానే కనిపించి ఇంటికొచ్చాక రాలిపోతాయి.

మేడమ్, మాకు మే నెలలో ఇంట్లోనే 33 డిగ్రీలు. కరెంటు సంగతి మీకు తెలిసిందే. తుపాను వస్తే ఏం చేస్తారు? రెండో అంతస్తులో పెట్టినా ఫర్వాలేదా?
(గృహిణి, బరంపురం)

బరువు సంగతి ముందు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో 255 లీటర్లు పడతాయి. రాళ్లు, అద్దం, స్టాండు కలిపితే 300 కిలోలు దాటుతుంది. గది మధ్యలో కాకుండా దూలం మీదుగా, గోడవారగా పెట్టండి. ఇల్లు కట్టిన ఇంజనీరును ఒక్కమాట అడగండి.

వేడి 25 నుంచి 27 మధ్య ఉండాలి. నీటి మీదకు చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కానీ మన ఊరి ఉక్కపోతలో అది సగమే పనిచేస్తుంది. మేలో నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లరు) కావాలి, లేదా ఏసీ గదిలో పెట్టాలి. ఫ్యాను వల్ల నీరు ఎక్కువగా ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినంతవరకు మంచినీరే పోయండి, ఉప్పునీరు కాదు. ట్యాంకు అద్దం మీద నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించుకుంటే రోజూ ఎంత పోయాలో తెలుస్తుంది.

ఇక తుపాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా వీధిలో చెట్లన్నీ స్తంభాల మీద పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే ట్యాంకులో ప్రాణవాయువు గంటల్లో పడిపోతుంది. మంచినీటికన్నా ఉప్పునీటిలో అది మొదటే తక్కువ, వేడి నీటిలో ఇంకా తక్కువ. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఉంది, రెండో రోజుకే సెల్లులు అయిపోయాయి, షాపులన్నీ మూత. అప్పుడిక మగ్గుతో నీరు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులోనే పోస్తూ కూర్చున్నాం. పావుగంటకోసారి, వంతులవారీగా, రాత్రిళ్లు కూడా. మా అత్తగారు “ఏటమ్మా, ఒక్కదానివే ఎంతసేపు పోస్తావు” అంటూ ఇత్తడి చెంబు పట్టుకుని వచ్చారు. చప్పున పట్టుకుని ఆపాను. ఇత్తడిలో రాగి ఉంటుంది. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ మగ్గు పెట్టాను. డెబ్భై ఏళ్ల మనిషి కొవ్వొత్తి వెలుగులో తెల్లవారుజాము దాకా పోశారు. టాంగ్ పోయింది, గోబీలు, రొయ్యలు పోయాయి. క్లౌన్ ఫిష్ జంట బతికింది. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ జంటలో ఆడది మాత్రం మొన్న మొన్నటిదాకా ఉంది.

ఆ తర్వాత 12 వోల్టుల బ్యాటరీతో నడిచే పంపు పెట్టాను, ఇంటి ఇన్వర్టరుతో సంబంధం లేకుండా విడిగా. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు అదే కాపాడింది. అక్టోబరు రాకముందే బ్యాటరీ చార్జి చూసుకోండి, రెండు బకెట్ల ఉప్పునీరు కలిపి మూతపెట్టి ఉంచండి. కరెంటు పోతే మేత పూర్తిగా ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప మూడు నాలుగు రోజులు తినకపోయినా ఏమీ కాదు.

మాకు వేడి కాదు, చలి బాధ. డిసెంబరులో నీరు 17కు పడిపోతోంది.
(వ్యాపారి, జయపురం)

హీటరు పెట్టండి, వంద లీటర్లకు వంద వాట్లు చాలు. పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు పెట్టండి. ఒకటి పాడై ఆగకుండా కాలినా నీరు ఉడికిపోదు.

చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. కాపర్ మందు ఇచ్చారు. పోయమంటారా?
(విద్యార్థి, ఛత్రపురం)

ప్రధాన ట్యాంకులో వద్దు బాబూ. రొయ్యలు, నత్తలు అన్నీ పోతాయి, రాళ్లు కూడా రాగిని పీల్చుకుంటాయి. చేపలన్నిటినీ వేరే తొట్టెలోకి మార్చి, రాగి టెస్టు కిట్టుతో కొలుస్తూ అక్కడ మందు వాడు. ప్రధాన ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా వదిలెయ్. ఆ తెల్ల చుక్కలు ఒక పరాన్నజీవి వల్ల వస్తాయి, దానికి చేప దొరక్కపోతే బతుకు లేదు. ఇకనుంచి కొత్త చేపను నెలరోజులు విడిగా ఉంచాకే కలుపు.

మామ్మగారూ, మా క్లౌన్ ఫిష్‌లు రాయి పక్కన నారింజ రంగు గుడ్లు పెట్టాయి! చిన్నది వాటికి రెక్కలతో విసురుతోంది. నేనేం చేయాలి? నాకు తొమ్మిదో తరగతి.
(పర్లాకిమిడి)

ఎంత మంచి కబురు తల్లీ! విసురుతున్నది తండ్రి, పెద్దది తల్లి. క్లౌన్ ఫిష్‌లన్నీ మగవిగానే పుట్టి, జంటలో పెద్దది ఆడదవుతుంది. తల్లి పోతే తండ్రే ఆడదిగా మారుతుంది.

గుడ్లు రోజురోజుకూ రంగు మారతాయి. ఐదారో రోజుకు వెండి రంగు కళ్లు కనిపిస్తాయి. ఏడో రోజో ఎనిమిదో రోజో, చీకటి పడ్డాక గుడ్లలోంచి పిల్లలు బయటికొస్తాయి. పిల్లలకు మొదటి వారం రోటిఫర్లు అనే సూక్ష్మజీవులే తిండి. అవి అప్పటికప్పుడు దొరకవు, పచ్చనాచు నీళ్లలో ముందుగా పెంచుకోవాలి. అందుకని ఈ విడత పిల్లలు బతకకపోవచ్చు, ఏడవకు. సుఖంగా ఉన్న జంట రెండు మూడు వారాలకోసారి మళ్లీ పెడుతుంది. ఈలోగా ఒక శుభ్రమైన కుండ పెంకును, మెరుగుపూత లేనిది, అవి ఇప్పుడు పెట్టినచోటనే ఆనించి ఉంచు. ఈసారి దాని మీద పెడితే, పిల్లలు బయటికొచ్చే రోజు సాయంత్రం పెంకుతో సహా వేరే తొట్టెలోకి మార్చవచ్చు. పెంకును నీళ్లలోనే ఉంచి గిన్నెతో సహా తియ్యి, గుడ్లకు గాలి తగలకూడదు. రోటిఫర్లు ఎలా పెంచాలో వచ్చే నెల వివరంగా రాస్తాను.

ఈ విడతకు మాత్రం ఎనిమిదో రోజు రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, పంపు ఆపి, గంట తర్వాత ఒక మూల టార్చి వెయ్యి. పిల్లలు వెలుతురు వైపు వస్తాయి. కనురెప్ప వెంట్రుకంత కూడా ఉండవు, కళ్లు మాత్రం మెరుస్తాయి. అమ్మానాన్నలకు కూడా చూపించు, ఆ తర్వాత పంపు వెయ్యడం మరచిపోకు.